జవాబు లేని లేఖ: మన పాటలో నమ్మకద్రోహం, దాన్ని పాడిన స్త్రీలు

నమ్మకద్రోహం సాహిత్యానికి కొత్త వస్తువు కాదు. పెళ్ళి అనే వ్యవస్థ ఎంత పాతదో, దాని గోడ దూకటం గురించిన పాట కూడా అంతే పాతది. అయితే ఆ పాటను ఎవరు కట్టారు, ఎవరు పాడారు, ఎవరు డబ్బిచ్చి విన్నారు, అందులో ఎవరికి నోరుంది, ఎవరికి లేదు అనే ప్రశ్నలు వేసుకున్నప్పుడే అది సాహిత్య చరిత్ర అవుతుంది. వేసుకోకపోతే రసచర్చగా మిగిలిపోతుంది. ఈ వస్తువు మీద మన పండితులు రసచర్చ కావలసినంత చేశారు. ఖండిత ఎలా నిష్ఠూరమాడుతుంది, కలహాంతరిత ఎలా పశ్చాత్తాపపడుతుంది అని పుటలకు పుటలు రాశారు. ఆమె ఎవరిని నిలదీస్తున్నదో, అవతలివాడు ఏమని జవాబు చెప్పాడో అడిగినవారు తక్కువ. ఈ వ్యాసం ఆ చిన్న ప్రశ్నను పట్టుకొని వెళుతుంది.

ముందుగా ఒక పరాయిదేశపు పాటను పక్కన పెట్టుకుంటే మన పాట స్వభావం బాగా తెలుస్తుంది. అమెరికాలో కంట్రీ సంగీతం అనే సంప్రదాయం ఉంది. కొండప్రాంతాల నుంచి, గనుల నుంచి, పత్తిచేల నుంచి బతుకుతెరువు కోసం పట్నాలకు వలసపోయిన శ్రామికులు ప్రాణం పోసిన పాట అది. 1971లో లొరెట్టా లిన్, కాన్వే ట్విట్టీ కలిసి పాడిన 'ఆఫ్టర్ ది ఫైర్ ఈజ్ గాన్' అనే యుగళగీతం ఆ సంప్రదాయంలో బాగా పేరు పొందింది. రాసినవాడు ఎల్.ఇ. వైట్. వేరువేరు ఇళ్ళలో కాపురాలున్న ఒక స్త్రీ, ఒక పురుషుడు చాటుగా కలుసుకుంటారు. ఇంట్లో చల్లారిపోయిన పొయ్యి గురించి, తాము చేస్తున్నది తప్పని తెలిసినా ఆగలేకపోవటం గురించి ఇద్దరూ పాడతారు. మరుసటి సంవత్సరం దానికి గ్రామీ బహుమానం కూడా వచ్చింది.

లొరెట్టా లిన్ కెంటకీ రాష్ట్రంలో ఒక బొగ్గుగని కార్మికుని కూతురు. పదిహేనో ఏట పెళ్ళయింది. 1966లో ఆమె తన మగని మీద కన్నేసిన మరొక స్త్రీని సవాలు చేస్తూ పాట కట్టింది. 1975లో గర్భనిరోధక మాత్ర గురించి ఆమె పాడిన పాటను వెయ్యటానికి చాలా రేడియో స్టేషన్లు నిరాకరించాయి. ఇదంతా లాభాల కోసం నడిచే రికార్డు వ్యాపారంలో జరిగినదే. ఆ యుగళగీతం విప్లవగీతమేమీ కాదు. కాని దాని రూపంలో గమనించవలసిన సంగతి ఒకటుంది. తప్పు చేసిన మగవాడు కూడా మైకు ముందు నిలబడి తన వాటా తాను పాడాడు. దోషం ఇద్దరిదీ, గొంతులు ఇద్దరివీ.

మన దగ్గర ప్రేమలో ద్రోహాన్ని రెండు గొంతులలో పాడిన కృతులలో అన్నిటికంటె ప్రసిద్ధమైనది భామాకలాపం. పదిహేడవ శతాబ్దంలో సిద్ధేంద్రయోగి దీన్ని రచించి కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల చేత ఆడించాడని సంప్రదాయం చెపుతుంది. ఆ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని నియమం పెట్టాడంటారు. 1672 నుంచి 1687 వరకు గోల్కొండను ఏలిన అబుల్ హసన్ తానాషా వీరి ఆట చూసి మెచ్చి కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చాడన్న ఐతిహ్యం కూడా ఉంది. ఇందులో యథార్థమెంత, కల్పన ఎంత అనే వాదం అట్లా ఉంచితే, ఈ కథ ఒక సంగతి చెపుతుంది. ఈ పాటకు గుడి ఎంత ముఖ్యమో, దర్బారు అంత ముఖ్యం.

కలాపంలో కథ చిన్నది. అద్దం ముందు అందం గురించి మాటా మాటా పెరిగి కృష్ణుడు సత్యభామను విడిచి వెళ్ళిపోతాడు. పారిజాత కథతో కలిపి చెప్పేటప్పుడు, నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇవ్వటం కలహానికి కారణం. ఇక రాత్రంతా రంగం మీద ఉండేది ఇద్దరే: సత్యభామ, ఆమె చెలికత్తె మాధవి. సత్యభామ తెర మీదుగా జడ వేసి తన్ను మించిన వారెవరని సవాలు చేస్తూ ప్రవేశిస్తుంది. మాధవి ఆమెను ప్రశ్నలతో సతాయిస్తుంది. నీ మగని పేరేమిటని అడుగుతుంది. పేరు చెప్పటానికి సత్యభామకు సిగ్గు. చివరకు ఆమె కృష్ణునికి లేఖ రాస్తుంది. దాన్ని చేరవెయ్యటానికి మాధవి కూలి అడుగుతుంది. ఆ కూలి సత్యభామ ముక్కెర. ఎంత బేరమాడినా, ఎంత బతిమాలినా ముక్కెర ఇవ్వక తప్పదు.

ఈ ముక్కెర బేరాన్ని ప్రేక్షకులు తరతరాలుగా నవ్వుతూ చూశారు. కాస్త ఆగి ఆలోచిస్తే అందులో ఉన్నది నవ్వు మాత్రమే కాదు. విడిచిపోయినవాడు కృష్ణుడు. లేఖ రాసింది విడిచిపెట్టబడిన స్త్రీ. ఆ లేఖలో ఉన్నది నిలదీత కంటె వేడుకోలు ఎక్కువ. ఆ వేడుకోలు చేరటానికి తన ఒంటి మీది నగ ఒలిచి ఇచ్చింది కూడా ఆమే. ద్రోహం జరిగిన చోట ఖర్చు ఎవరిదో కలాపకర్త తెలిసి చెప్పాడో, తెలియక చెప్పాడో గాని, నిజం చెప్పాడు. ఆఖరున కృష్ణుడు వస్తాడు. ఇద్దరూ కలుస్తారు. మంగళం పాడతారు. ఎందుకు వెళ్ళావు అన్న ప్రశ్నకు జవాబు మాత్రం రాదు.

అంటే మన ద్రోహగీతంలోనూ రెండు గొంతులున్నాయి. కాని ఆ రెండూ ఆడగొంతులే. మగవాడు నిలబడి జవాబు చెప్పవలసిన చోట చెలికత్తె నిలబడింది. మరికొన్ని ప్రదర్శనల్లో రుక్మిణి వచ్చి నిలబడుతుంది, సవతుల కయ్యం నడుస్తుంది. అప్పుడు కూడా ఇద్దరు స్త్రీలు ఒకరినొకరు దెప్పుకోవటమే తప్ప, కయ్యానికి కారణమైనవాడు బోనెక్కడు. కూచిపూడి భాగవతుల దగ్గర మరొక విశేషముంది. సత్యభామ మగవాడే, మాధవి వేషం కట్టే సూత్రధారుడూ మగవాడే. రెండు ఆడగొంతులు, రెండు మగ శరీరాలు. స్త్రీ దుఃఖాన్ని అభినయించటానికి కూడా స్త్రీ అక్కరలేకపోయింది.

ఈ మౌనానికి మూలం ఒక్క కవి స్వభావంలో లేదు. మన అలంకారశాస్త్రం నాయికలను ఎనిమిది రకాలుగా విభజించింది. ఖండిత, విప్రలబ్ధ, ప్రోషితపతిక, కలహాంతరిత వంటి పేర్లలో చాలా భాగం మగవాడు ఏం చేశాడన్నదాన్ని బట్టి స్త్రీకి అంటించిన పేర్లే. అతను మరొకచోట రాత్రి గడిపి వస్తే ఆమె ఖండిత. వస్తానని చెప్పి రాకపోతే ఆమె విప్రలబ్ధ. నాయకుణ్ణి అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు అని నాలుగు రకాలు చేశారు. ఒక్క అనుకూలుణ్ణి మినహాయిస్తే మిగిలిన ముగ్గురూ ఒకరికంటె ఎక్కువమంది స్త్రీలతో ఎట్లా నెగ్గుకు వచ్చారన్నదే ఆ విభజనకు ఆధారం. పలువురు స్త్రీలతో సమానంగా మెలగగలిగినవాణ్ణి 'దక్షిణుడు' అని, అంటే నేర్పరి అని, మెచ్చుకున్న శాస్త్రం అది. ద్రోహమే ఒక యోగ్యత అయినప్పుడు జవాబు అడిగేదెవరు, చెప్పేదెవరు?

చట్టం కూడా శాస్త్రం వెనకనే నడిచింది. హిందూ పురుషుడు ఒక భార్య ఉండగా మరొకరిని చేసుకోవటాన్ని మద్రాసు రాష్ట్రంలో 1949 చట్టం, దేశంలో అత్యధిక భాగానికి 1955 నాటి హిందూ వివాహ చట్టం వచ్చేవరకు ఏ శాసనమూ గట్టిగా ఆపలేదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 497వ సెక్షను మరీ విచిత్రం. పరుని భార్యతో ఆ భర్త సమ్మతి లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాడే దాని ప్రకారం నేరస్తుడు. ఆమె భర్త బాధితుడు. పెళ్ళికాని స్త్రీతోనో, వితంతువుతోనో సంబంధం పెట్టుకున్న మగని మీద భార్యకు ఆ సెక్షను కింద ఫిర్యాదే లేదు. 2018లో సుప్రీంకోర్టు కొట్టివేసేవరకు ఇదే మన న్యాయం. సత్యభామ లేఖకు జవాబు రాకపోవటంలో వింత ఏముంది?

పదహారవ శతాబ్దపు నంది తిమ్మన పారిజాతాపహరణంలో కృష్ణుడు మాట్లాడతాడు కదా అనవచ్చు. నిజమే. సత్యభామ ఎడమకాలితో తలను తన్నినా కోపగించక, ఆమె పాదానికి నొప్పి కలిగిందేమోనని బాధపడినట్టు తిమ్మన చిత్రించాడు. ఆ ఘట్టాన్ని మన పండితులు ఎంతగానో మెచ్చుకున్నారు. కాని అది జవాబు కాదు, బుజ్జగింపు. బుజ్జగించేవాడు ప్రశ్నను ఒప్పుకోడు. ప్రశ్న అడిగే మనిషిని నిద్రపుచ్చుతాడు. మన కావ్యాల్లో ద్రోహానికి ప్రతిగా దొరికేది సాంత్వనమే గాని సమాధానం కాదు.

కూచిపూడికి కూతవేటు దూరంలో మొవ్వ ఉంది. అక్కడి గోపాలుని పేర పదాలు కట్టిన క్షేత్రయ్య కూడా పదిహేడవ శతాబ్దపువాడే. మధుర తిరుమలనాయకుడు, తంజావూరు విజయరాఘవనాయకుడు, గోల్కొండ పాదుషా, వీరందరి కొలువుల్లోనూ వందలకొద్దీ పదాలు పాడినట్టు ఆయన పేర ఉన్న మేరువ పదమే చెపుతుంది. ఈ పదాల్లో మాట్లాడేది ఎక్కువగా స్త్రీయే. వినేది చెలికత్తెో, మౌనంగా నిలబడ్డ మువ్వగోపాలుడో. వాటిని పాడి అభినయించి బతికినవారు దేవదాసీలు, రాజదాసీలు, కళావంతులు. 1994లో వెల్చేరు నారాయణరావు, ఎ.కె. రామానుజన్, డేవిడ్ షుల్మన్ ఈ పదాలను ఇంగ్లీషు చేసినప్పుడు, దేవుడే గిరాకీగా వచ్చిన స్థితిని గ్రంథానికి పేరుగా పెట్టుకున్నారు. ఆ పేరులో సామాజిక సత్యముంది. క్షేత్రయ్య నాయిక కొన్ని పదాల్లో డబ్బు అడుగుతుంది, వాకిలి మూస్తుంది, పొమ్మంటుంది. గృహిణికి లేని ఈ స్వేచ్ఛ ఆమెకు వృత్తి వల్ల వచ్చింది. అవతలివాని మౌనానికి అర్థం కూడా అక్కడే ఉంది. కొనుగోలుదారుడు సంజాయిషీ ఇవ్వడు.

ఇట్లా పాడిన స్త్రీలను కేవలం బాధితులుగా చూడటం కూడా చరిత్రకు అన్యాయమే. హైదరాబాదు తూర్పువైపున దమ్మాయిగూడ నుంచి ఈసీఐఎల్ మీదుగా నాచారం వైపు వచ్చేవారికి మౌలాలి గుట్ట పరిచయమే. ఆ గుట్ట పాదంలో మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో మరణించిన ఆమె నిజాం దర్బారులో గాయని, నర్తకి, ఉర్దూ కవయిత్రి, జాగీర్లు అనుభవించిన మనిషి. 125 గజళ్ళ దివాన్ ఆమెది. నమ్మకం నిలుపుకోని ప్రియుని మీద ఫిర్యాదు గజల్‌కు ప్రాణం. ఆ ఫిర్యాదును మగవాడు రాసి ఇస్తే పాడటం కాక, తానే రాసి తానే పాడిన స్త్రీ ఆమె. తల్లి కోసం 1792లో కట్టించిన సమాధి ప్రాంగణంలోనే తానూ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసిన అడిక్‌మెట్ భూములు ఒకప్పుడు ఆమె జాగీరులోనివని చెపుతారు. ఆ నేల మీద సాహిత్యం చదువుకున్న ఎన్ని తరాల విద్యార్థులకు ఆమె పేరు పాఠంగా చెప్పారు?

తెలుగులో తానే రాసుకున్న స్త్రీకి జరిగినది మరీ ఘోరం. పద్దెనిమిదవ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని కొలువులో ఉన్న ముద్దుపళని రాధికాసాంత్వనం రాసింది. తాను పెంచిన ఇళాదేవిని రాధే కృష్ణునికిచ్చి పెళ్ళి చేస్తుంది. తరువాత ఆ ఎడబాటుతో, ఈర్ష్యతో తానే కాలిపోతుంది. చివరకు కృష్ణుడు వచ్చి ఓదారుస్తాడు. ఇక్కడ కూడా దొరికింది సాంత్వనమే, పేరులోనే ఉంది. అయినా తన కోరికను, కోపాన్ని దాచుకోని స్త్రీ ఈ కావ్యంలో ఉంది. కందుకూరి వీరేశలింగం దీన్ని తీవ్రంగా నిందించాడు. బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుదలగా మూలప్రతి వెతికి, పరిష్కరించి, 1910లో వావిళ్ళవారి ద్వారా అచ్చువేయించింది. మగకవులు అంతకంటె పచ్చిగా రాసినప్పుడు లేని అభ్యంతరం ఆడది రాస్తే ఎందుకు వచ్చిందని పీఠికలో నిలదీసింది. 1911లో ప్రభుత్వం అశ్లీలమని ప్రతులను పట్టుకుంది. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు.

సరిగ్గా ఆ 1910లోనే గురజాడ 'దిద్దుబాటు' కథ ఆంధ్రభారతిలో వచ్చింది. ఈ రెంటినీ కలిపి చూడటం మన విమర్శకు అలవాటు లేదు గాని, కలిపి చూడాలి. సానిపాట మోజులో పడి అర్ధరాత్రి ఇంటికి వచ్చిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు. ఒక ఉత్తరం కనిపిస్తుంది. తాను పుట్టింటికి పోతున్నానన్నది దాని సారాంశం. గోపాలరావు గుండె జారిపోతుంది. తన తప్పు తాను చెప్పుకొని వాపోతాడు. అప్పుడు మంచం కింద నుంచి నవ్వు వినిపిస్తుంది. సత్యభామ లేఖ రమ్మని వేడుకున్నది. కమలిని లేఖ పోతున్నానని బెదిరించింది. రెండున్నర శతాబ్దాల్లో మన సాహిత్యం నడిచిన దూరం ఈ రెండు లేఖల మధ్య ఉంది. మగవాని చేత మొదటిసారిగా జవాబు చెప్పించిన గౌరవం గురజాడది అనటం అతిశయోక్తి కాదు.

అయితే ఆ కథలో పూరింపబడని ఖాళీ ఒకటుంది. గోపాలరావు ఎవరి పాట విని వచ్చాడో ఆ సాని కథలో లేదు. ఆమె పేరు లేదు, ఆమె ఇల్లు లేదు, ఆమె బతుకు ఎట్లా గడుస్తుందో లేదు. భార్యకు నోరు వచ్చింది. పాడే స్త్రీకి పోయింది. ఇది గురజాడ లోపమని కొట్టిపారేయలేం. కన్యాశుల్కంలో మధురవాణికి ఆయన ఇచ్చిన నోరు ఆ కాలంలో మరెవరూ ఇవ్వలేదు. పెద్దమనుషుల బండారం బయటపెట్టేదీ, సానులను ద్వేషించే సంస్కర్తను ఎదుట నిలబడి ప్రశ్నించేదీ ఆమే. కాని సంస్కరణోద్యమం మధురవాణిని రంగస్థలం మీద మెచ్చుకొని, బయట ఉన్న మధురవాణులను వెలివేసింది.

దాని పర్యవసానం 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం. బాలికలను గుడికి అంకితం చెయ్యటాన్ని అది నిషేధించింది. గుళ్ళలోనూ, దేవుని ఊరేగింపుల్లోనూ స్త్రీల నాట్యాన్ని కూడా నిషేధించింది. ఇక్కడ మన వైఖరి స్పష్టంగా ఉండాలి. పసిపిల్లలను దేవుని పేర భూస్వాములకు అప్పగించే ఆచారం అమానుషం. తెలంగాణ పల్లెల్లో దళిత స్త్రీలను పీల్చి పిప్పి చేసిన జోగిని దురాచారం మీద 1988లో చట్టం తేవలసి వచ్చిందంటే ఆ పీడన ఎంత మొండిదో తెలుస్తుంది. దాన్ని కళ పేరుతో వెనకేసుకు రావటం అభ్యుదయం కాదు. కాని చట్టం ఎవరి చేతి నుంచి ఏం తీసుకున్నదో కూడా చూడాలి. ఉంచుకున్న జమీందారు నుంచి ఏమీ తీసుకోలేదు. పాడిన స్త్రీ నుంచి పాటను, కూటిని ఒకేసారి తీసుకుంది. మరొక వృత్తి చూపలేదు. 

భామాకలాపం కూచిపూడి మగవారి సొత్తు మాత్రమే కాదన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పిఠాపురం మొదలైన గోదావరి ప్రాంతాల్లో కళావంతుల స్త్రీలు దీన్నే నవజనార్దన పారిజాతంగా తొమ్మిది రాత్రులు ఆడేవారు. వారి ఆట మూలపడింది. అదే పాట మరొకచోట మర్యాదను సంపాదించుకుంది. తెనాలి రంగస్థలం మీద స్థానం నరసింహారావు సత్యభామగా జేజేలందుకున్నాడు. శ్రీకృష్ణతులాభారం కోసం ఆయన కట్టుకున్న పాట ఊరూరా మోగింది. 1956లో పద్మశ్రీ వచ్చింది. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషం దేశమంతా పేరు తెచ్చుకుంది. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన తరువాత చదువుకున్న మధ్యతరగతి ఇళ్ళ ఆడపిల్లలు గజ్జె కట్టారు. ఈ కళాకారుల ప్రతిభను తక్కువ చెయ్యనక్కరలేదు. స్త్రీ మళ్ళీ రంగం మీదికి వచ్చింది, మంచిదే. కాని వచ్చిన స్త్రీ వేరు, పోయిన స్త్రీ వేరు. తరువాత ఎప్పటికో స్వప్నసుందరి కళావంతుల దగ్గర నేర్చుకొని ఆ సంప్రదాయాన్ని పునరుద్ధరించినప్పుడు ఆరుద్ర దానికి విలాసినీ నాట్యం అని పేరు పెట్టాడు. పేరు నిలిచింది. అప్పటికే చాలామంది పాడిన గొంతులు మట్టిలో కలిసిపోయాయి.

ఇక 1927లో చలం 'మైదానం' వచ్చింది. కాపురాన్ని విడిచి వెళ్ళిన రాజేశ్వరి తన కథ తానే చెప్పింది. అంతవరకు ద్రోహం మగవాని చేష్ట, స్త్రీ ఫిర్యాదు. చలం ఆ లెక్కను తారుమారు చేశాడు. సినిమా వచ్చిన తరువాత యుగళగీతానికి మగగొంతు పుష్కలంగా దొరికింది. కాని మన సినిమాల్లో ఇద్దరూ కలిసి పాడేది ఎక్కువగా వలపుపాటే. మోసపోయిన తరువాత పాడేది ఒంటరి స్త్రీయే, లేదా తాగి తనమీద తానే జాలిపడే మగవాడు. చేసిన తప్పును ఎదుటి మనిషికి చెప్పుకొనే మగగొంతు ఇప్పటికీ అరుదు.

ఈ చరిత్రంతా ఒక్క వాక్యంలో చెప్పుకోవచ్చు. పాట దర్బారు నుంచి రంగస్థలానికి, రంగస్థలం నుంచి అకాడమీకి చేతులు మారుతూ వచ్చింది. చేతులు మారిన ప్రతిసారీ మూల్యం చెల్లించింది పాడిన స్త్రీయే.

కనుక సాహిత్య విద్యార్థులు భామాకలాపాన్ని, పదాలను రసదృష్టితో పాటు ఆర్థిక దృష్టితో కూడా చదవాలి. ముక్కెర ఎందుకు ఇవ్వవలసి వచ్చిందో అడగాలి. బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద చేసిన పరిశోధన 1958లోనే అచ్చయి దారి చూపింది. ఆ దారిలో ఇంకా నడవవలసింది చాలా ఉంది. చర్లపల్లి, నాచారం, మల్లాపూర్ కార్ఖానాల చుట్టూ, దమ్మాయిగూడ వంటి వలస బస్తీల్లో ఊళ్ళు విడిచి వచ్చిన స్త్రీలున్నారు. సవతి పాటలు, మగడు విడిచిన ఆడదాని పాటలు పెద్దవాళ్ళ నోళ్ళలో ఉంటాయి. వాటిలో దేవుడు లేడు, అలంకారశాస్త్రం లేదు, ముక్కెర అంతకంటె లేదు. అవి కాగితం మీదికి రావాలి, పాడినవారి పేరుతో, వారి అనుమతితో రావాలి.

రచయితలకు మరొక పని ఉంది. స్త్రీ దుఃఖాన్ని ఇంకా ఇంకా కరుణరసంతో వర్ణించటం ఇక చాలు. సత్యభామ ఎప్పుడో లేఖ రాసింది. ముక్కెర కూడా ఇచ్చింది. మూడు వందల ఏళ్ళ నుంచి ఆ లేఖ కృష్ణుని దగ్గరే ఉంది. జవాబు రాయవలసినవాడు అతను.